మిస్సింగ్ కొట్టే ఇంజన్‌ను మళ్లీ విప్పే ముందు

విరాళాల డబ్బుతో అంబులెన్సో, జనాజా వాహనమో నడిపే సంఘాలకు ఎప్పుడో ఒకప్పుడు ఇంజన్ బోరింగ్ ఖర్చు తప్పదు. పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్ పని అన్నీ కలిస్తే అది చిన్న మొత్తం కాదు. అంతా అయ్యాక వాహనం మిస్సింగ్ కొడితే గ్యారేజీలో రెండు మాటల్లో ఒకటి వినిపిస్తుంది. "కొత్త ఇంజన్ కదా, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది" అంటారు, లేదా "మళ్లీ ఇంజన్ దించాలి" అంటారు. పరీక్ష చేయకుండా చెబితే ఈ రెండింటినీ ఒప్పుకోకూడదని మా అభిప్రాయం. దాతల సొమ్ము అమానత్ కాబట్టి, ఆ పరీక్షలేమిటో మీకూ తెలిసి ఉండటం మంచిది.

కొత్త రింగులు సిలిండరు గోడలకు కుదురుకోవడానికి కొంత సమయం పట్టే మాట నిజమే. మొదట్లో కాస్త ఆయిల్ తాగితే ఆగి చూడవచ్చు. మిస్సింగ్ విషయం వేరు. కాలని పెట్రోలు సిలిండరు గోడ మీది ఆయిల్ పొరను కడిగేసి, కిందికి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది. అంటే సర్దుకుంటుందని తిప్పే ఆ నాలుగు రోజుల్లోనే కొత్త రింగులు, బేరింగులు పాడవడం మొదలవుతుంది.

మన సొసైటీ అంబులెన్సు పాత మారుతి ఓమ్ని. కార్బొరేటర్ రకం, 796 సీసీ, మూడు సిలిండర్లు. డయాలసిస్ రోగులను వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి చేర్చేది ఇదే. నాలుగు సిలిండర్ల బండిలో ఒకటి ఆగిపోతే నాలుగో వంతు బలం పోతుంది. ఇందులో మూడో వంతు పోతుంది, సీటు కిందే ఇంజన్ ఉంటుంది గనుక రోగికీ ఆ అదురు తెలుస్తుంది.

మొదట తేల్చవలసింది ఒక్కటే: మిస్సింగ్ ఎప్పుడూ ఒకే సిలిండరులోనా, అన్నింటిలోనా? ఐడిలింగ్‌లో ఇంజన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటిగా తీసి చూడాలి. రబ్బరు పిడి ఉన్న పట్టకారుతోనే తీయాలి, తీసిన వైరును బాడీకి ఎర్త్ చేయాలి. లేకపోతే షాక్ కొడుతుంది, కాయిల్ కూడా దెబ్బతినవచ్చు. బాగున్న సిలిండరు వైరు తీస్తే ఇంజన్ వేగం పడిపోతుంది. ఏ వైరు తీసినప్పుడు తేడా రాలేదో ఆ సిలిండరే పనిచేయడం లేదు.

ఇప్పుడు దాని ప్లగ్గును పక్క సిలిండరు ప్లగ్గుతో మార్చాలి. జబ్బు ప్లగ్గుతో పాటు వెళ్లిపోతే ప్లగ్గే కారణం. కొత్త ప్లగ్గు కూడా పాడైనది రావచ్చు, పెట్టెలోంచి తీసినంత మాత్రాన నమ్మకూడదు. తర్వాత వైరు. ఈ ఇంజన్ ఫైరింగ్ వరుస 1-3-2. రెండు వైర్లు తారుమారైతే సాధారణ మిస్సింగ్ కాదు, కార్బొరేటర్‌లోంచి టపటపా పేలుతూ ఇంజన్ సరిగ్గా అందుకోదు.

ప్లగ్గు, వైరు బాగుంటే కంప్రెషన్ గేజీ పెట్టాలి. మూడు ప్లగ్గులూ తీసి, కాయిల్ కనెక్షన్ తప్పించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. కొత్త రింగుల వల్ల మూడూ కాస్త తక్కువ చూపితే కంగారు లేదు. ఒకటి మాత్రం బాగా తక్కువైతే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే రింగుల దోషం. పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో.

మన బండిలో రెండో సిలిండరు తక్కువ చూపింది, ఆయిల్ పోసినా పెరగలేదు. హెడ్ విప్పాలన్నారు. అంతకంటే ముందు ట్యాపెట్ గ్యాపులు చూడమని కోరాం. హెడ్ పనిలో సీట్లు కోసి వాల్వులు రుద్దినప్పుడు వాల్వు కొంచెం లోపలికి దిగుతుంది, దాని కాడ ఆ మేరకు పైకి లేస్తుంది. పాత గ్యాపు అలాగే వదిలేస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వుకు ఫీలర్ గేజీ రేకు దూరనే లేదు. గ్యాపు సరిచేశాక, అల్‌హమ్దులిల్లాహ్, కంప్రెషన్ మిగతా రెండింటితో సమానమైంది. హెడ్ విప్పే పనే పడలేదు. అలాగే ఇంకొన్నాళ్లు తిప్పి ఉంటే ఆ వాల్వు కాలిపోయేది.

మిస్సింగ్ అన్ని సిలిండర్లలోనూ ఉంటే వెతికే చోటు మారుతుంది. టైమింగ్ బెల్టు ఒక పన్ను తప్పిందా, ఇగ్నిషన్ టైమింగ్ కుదిరిందా, ఇంజన్‌కు ఎర్త్ వైరు తిరిగి బిగించారా? మానిఫోల్డు గాస్కెట్ దగ్గర గాలి పీలుస్తుంటే, అక్కడ నీళ్లు సన్నగా చిలకరించినప్పుడు ఇంజన్ శబ్దం మారుతుంది. కొందరు పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజన్ మీద అది ప్రాణాంతకం.

ఇలాంటి బిల్లు కమిటీ ముందుకు వస్తే మూడు సిలిండర్ల కంప్రెషన్ అంకెలు, ట్యాపెట్ గ్యాపులు దాని మీద రాయించండి. మిస్సింగ్ తగ్గాక డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే సర్వీసు గడువు కోసం ఆగకుండా ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పించాలి.