రాత్రంతా రెండర్ పెట్టే ముందు కార్డును ఇలా పరీక్షించండి

గేమ్‌లు ఆడేవాళ్లకు ఓవర్‌క్లాక్ చేసిన గ్రాఫిక్స్ కార్డు క్రాష్ అయితే పోయేదేమీ లేదు, మళ్లీ మొదలుపెడతారు. బ్లెండర్‌లో రెండర్లు చేసో, డావిన్చీ రిజాల్వ్‌లో వీడియోలు ఎడిట్ చేసో సంపాదించుకునేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. పొద్దున పదింటికి క్లయింటుకు ఫైల్ పంపాల్సి ఉండగా, రాత్రి పెట్టిన రెండర్ సగంలో ఆగి కనిపిస్తే ఏం చెప్తారు? ఇంత చేసి ఓవర్‌క్లాక్‌తో కలిసొచ్చే వేగం చాలా కార్డుల్లో పది శాతం లోపే. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడకుండా ఉండాలంటే పరీక్ష మీ పనికి తగ్గట్టు జరగాలి.

ముందు కంపెనీ ఇచ్చిన స్టాక్ సెట్టింగుల మీదే ఓసారి అన్ని టెస్టులూ నడపండి. అక్కడే క్రాష్ అయితే పవర్ సప్లైనో, డ్రైవరో, ర్యామో చూసుకోవాలి. తర్వాత ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో కోర్ క్లాక్ ఒక్కటే కొంచెం కొంచెంగా పెంచండి. అది తేలాకే మెమరీ జోలికి వెళ్లండి. రెండూ ఒకేసారి పెంచితే తప్పు దేనిదో తెలియదు. విండోస్ మొదలవగానే ఈ సెట్టింగులు వాటంతటవే పడే ఆప్షన్‌ను పరీక్షలు ముగిసేదాకా ఆన్ చేయకండి.

చాలామంది ఫర్‌మార్క్ అరగంట నడిపి ‘పాస్’ అనేసుకుంటారు. అది కార్డును బాగా వేడెక్కిస్తుంది, కాబట్టి కూలింగ్‌కూ పవర్ సప్లైకూ మంచి పరీక్షే. కానీ ఆ లోడు కింద కార్డు పవర్ లిమిట్‌ను తాకి క్లాక్‌ను తనే దించుకుంటుంది. అంటే మీరు పెంచిన పై క్లాక్‌కు అసలు పరీక్షే జరగలేదన్నమాట. ఎన్విడియా కార్డులు చల్లగా ఉన్నప్పుడు, లోడు తేలికగా ఉన్నప్పుడు ఇంకా పైకి బూస్ట్ అవుతాయి. టెస్టులో నిలబడ్డ కార్డు టైమ్‌లైన్ మీద అటూ ఇటూ జరుపుతున్నప్పుడు పడిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. అందుకే లోడు ఎక్కుతూ దిగుతూ ఉండే పరీక్ష కావాలి: రెండు మూడు నిమిషాలు రెండర్, కాసేపు వ్యూపోర్టులో తిప్పడం, మళ్లీ రెండర్. దీనికి తోడు 3డీమార్క్ టైమ్ స్పై స్ట్రెస్ టెస్ట్ పెట్టండి. అది ఒకే దృశ్యాన్ని 20 సార్లు తిప్పుతుంది. ఫ్రేమ్ రేట్ నిలకడ 97 శాతం ఉంటేనే పాస్.

మెమరీతో చిక్కు వేరు. జీడీడీఆర్6ఎక్స్ లాంటి మెమరీ డేటా బదిలీలో వచ్చిన తప్పును పట్టుకుని మళ్లీ పంపుతుంది. కాబట్టి పరిమితి దాటినా వెంటనే క్రాష్ కాదు, వేగం మాత్రం తగ్గుతుంది. మెమరీ పెంచిన ప్రతిసారీ అదే సీన్ రెండర్ చేసి టైమ్ రాసుకోండి. తగ్గుతూ వస్తున్న టైమ్ పెరగడం మొదలైందంటే హద్దు దాటినట్టే, వెనక్కి రండి. ఓసీసీటీలోని వీడియో మెమరీ టెస్ట్ తప్పులను లెక్కపెట్టి చూపిస్తుంది. ఒక్క తప్పు కనిపించినా ఆ సెట్టింగ్ పనికిరాదు.

నన్నడిగితే క్రాష్ కన్నా ప్రమాదం, క్రాష్ కాకుండా పాడైన ఫ్రేమ్. క్రాష్ మీకు తెలుస్తుంది, పాడైన ఫ్రేమ్‌ను క్లయింటు కనిపెడతాడు. ఒకే సీన్‌ను ఒకే సీడ్‌తో స్టాక్ మీద ఒకసారి, ఓవర్‌క్లాక్ మీద ఒకసారి రెండర్ చేయండి. ఆ రెంటినీ ఫోటోషాప్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి బ్లెండ్ మోడ్‌ను ‘డిఫరెన్స్’కి మార్చండి. తెర మొత్తం నల్లగా రావాలి. మెరిసే చుక్కలో, రంగు గళ్లో కనిపిస్తే క్లాక్ తగ్గించండి.

జనవరిలో పాసైన కార్డును మేలో మళ్లీ పరీక్షించాలి. ఫ్యాన్ వేగం అదే ఉంటే, గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే కార్డూ దాదాపు అంతే వేడెక్కుతుంది. ఏసీ ఆపేసే ఆఫీసులో రాత్రి రెండర్ పెట్టేవాళ్లు ఏసీ లేకుండానే పరీక్షించాలి. యూపీఎస్‌నూ మరవకండి. మన ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా మోసేది 360 వాట్లు. ఆర్‌టీఎక్స్ 3070 ఒక్కటే 220 వాట్లు లాగుతుంది, దాని మీద ప్రాసెసర్, మానిటర్. కరెంటు పోగానే సిస్టమ్ ఆగిపోతే తప్పు ఓవర్‌క్లాక్ మీద వేస్తాం.

తెర ఒక్కసారి నల్లబడి తిరిగొస్తే ‘బానే ఉందిలే’ అని వదిలేయొద్దు. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి 4101 నంబరు కోసం చూడండి. డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ లేచిందని దాని అర్థం.

హద్దు తెలిశాక కోర్‌ను అక్కడి నుంచి 30 మెగాహెర్ట్జ్‌లైనా తగ్గించి వాడండి. డెలివరీ ఉన్న వారం రీసెట్ నొక్కి స్టాక్ మీదే పని చేసుకోండి. అది ఆఫీసు మెషీన్ అయితే మాత్రం ఐటీ వాళ్లను అడగనిదే కార్డు సెట్టింగుల్లో వేలు పెట్టకండి.