బదరీవృక్షము క్రింద కూర్చున్నవారు

చదువవలసిన వేదభాగము: 1 రాజులు 19:1-18



ఈ మాసపు పాఠమును నా తప్పుతోనే ఆరంభింపవలసియున్నది. మూడేండ్ల క్రిందట వరికోతల కాలములో మా సంఘపు తల్లి యొకరు స్త్రీల కూటమునకు వచ్చుట మానివేసిరి. ఇంటికి వెళ్లి చూడగా మంచము మీద గోడవైపు తిరిగి పండుకొనియుండిరి. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చుచున్నదనియు, అన్నము సయించుట లేదనియు, తన పాపము క్షమింపబడలేదని తోచుచున్నదనియు చెప్పిరి. ఆమెకు విశ్వాసము సన్నగిల్లినదని నేను తలంచితిని. మూడు దినములు ఉపవాసముండి ప్రార్థించుడని చెప్పి వచ్చితిని.

నాలుగవనాటి సాయంకాలము ఆమె పశువుల పాకలో పురుగుల మందు డబ్బా చేతబట్టి నిలిచియుండగా కోడలు చూచి చేయి పట్టుకొనెను. ఆ రాత్రియే ఆమెను పట్టణములోని మానసిక వైద్యుని యొద్దకు తీసికొనిపోయితిమి. కోలుకొనిన పిమ్మట ఒకనాడు ఆమె కోపము లేకుండ నాతో ఇట్లనిరి: "అయ్యగారూ, మీరు ఉపవాసం ఉండమన్నారు. నేను కడుపునిండా తిని అప్పటికే పదిహేను రోజులైందండీ." ఆమె అనుమతితోనే దీనిని వ్రాయుచున్నాను.

ఏలీయాకు దేవుడు ఏమి చేసెను?

కర్మెలు కొండ మీద గొప్ప జయము చూచిన ప్రవక్తయే, యెజెబెలు బెదిరింపు విని అరణ్యమునకు పారిపోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి మరణమును కోరుకొనెను. దేవుడు అతనిని గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను. దూతను పంపి నిప్పుల మీద కాల్చిన రొట్టెను నీళ్లను ఇప్పించెను. మరల నిద్రపోనిచ్చి, మరల తినిపించెను. ఇక్కడ నీకేమి పని అని అడిగినది అటుపిమ్మట, హోరేబు కొండయొద్దనే. తరువాత ఎలీషాను తోడుగా ఇచ్చెను. దూత రొట్టె తెచ్చిన చోటికి నేను ఉపవాసమును తీసికొనిపోయితిని. మనలో మరియొకరు ఈ తప్పు చేయకుండునట్లు, ఈ జబ్బుల గురుతులను, వాటి వైద్యమును క్రమముగా నేర్చుకొందము.

1. దిగులు జబ్బు

దుఃఖమంతయు జబ్బు కాదు. చావు జరిగిన ఇంట ఏడ్పు సహజము. పంట పోయినవాడు దిగులుపడుట సహజము. డాక్టర్లు డిప్రెషన్ అని చెప్పునది వేరు. దానిని గుర్తించుటకు వారు మొదట రెండు సంగతులు అడుగుదురు. మనస్సు దినములో ఎక్కువ భాగము కుంగియున్నదా? ఇదివరకు ఇష్టమైన పనులమీద ఆసక్తి పోయినదా? తక్కినవి ఏడు: నిద్ర చెడుట, ఆకలి మారుట, ఒంట్లో సత్తువ లేకపోవుట, మాటయు నడకయు మందగించుట లేక కుదురుగా నిలువలేకపోవుట, నేను పనికిమాలినదాననను నింద, చేయు పనిమీద మనస్సు నిలువకపోవుట, చావును గూర్చిన తలంపులు. మొదటి రెంటిలో ఒకటైనను ఉండి, మొత్తము తొమ్మిదింటిలో అయిదు గాని అంతకెక్కువ గాని రెండు వారములపాటు దాదాపు ప్రతి దినము కనబడుచు, పనిపాటలకు అడ్డుపడిన యెడల అది జబ్బే. ఆ తల్లి పాపము క్షమింపబడలేదనిన మాట కూడ ఈ జబ్బు పలికించిన మాటయే. నేను దానిని ఆత్మ సంగతియని పొరబడితిని.

మన పల్లెలలో "దిగులుగా ఉంది" అని చెప్పువారు తక్కువ. తల బరువు, ఒళ్లు నొప్పులు, నీరసము అని చెప్పుదురు. అందువలన డాక్టరు రక్తహీనత, థైరాయిడ్ వంటివి కూడ పరీక్షింపవలెను. మద్యపానమున్నదా యని అడుగవలెను. బాలింతలను ప్రత్యేకముగా కనిపెట్టవలెను. మునుపెప్పుడైన నిద్రయే లేకుండ మితిమీరిన హుషారుతో, ధారాళమైన ఖర్చుతో కొన్ని దినములు గడిపినయెడల ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పవలెను. ఆ జబ్బుకు మందు వేరు.

2015-16లో బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ నడిపిన జాతీయ సర్వే ప్రకారము, పెద్దవారిలో సుమారు 20 మందికి ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బును అనుభవించినవారే. ఆ లెక్కన నూరుమంది కూర్చున్న ఆరాధనలో అయిదుగురు ఉందురు.

2. ఆందోళన జబ్బు

బిడ్డ జ్వరమునకు తల్లి భయపడును. జ్వరము తగ్గగానే భయము తగ్గును. కారణము చాలనప్పుడును, అన్నిటిని గూర్చియు, ఆరు నెలలుగా ఎక్కువ దినములు భయము వదలకుండినయెడల, దానితోకూడ కండరములు బిగిసి, నిద్ర లేక, చీటికి మాటికి విసుగు కలిగినయెడల అది ఆందోళన జబ్బు.

మరికొందరికి ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకొని, చెమటలు పోసి, ఊపిరి ఆడక, ఇప్పుడే ప్రాణము పోవునని తోచును. కొద్ది నిమిషములలోనే తీవ్రమై, పిమ్మట దిగిపోవును. దీనిని పానిక్ అందురు. మొదటిసారి వచ్చినప్పుడు గుండె పరీక్ష చేయించుట మంచిది. గుండె బాగున్నదని తేలిన పిమ్మట "నీకేమీ లేదు" అని ఇంటికి పంపివేయరాదు. అతనికి ఉన్నది జబ్బే. దానికి వైద్యము కలదు.

3. ఘోరమును చూచినవారి జబ్బు

1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన వేలమందిని పొట్టను పెట్టుకొనెను. అప్పుడు చిన్నపిల్లవాడైన ఒక పెద్దాయన మా సంఘములో ఉన్నారు. నేటికిని కార్తీకమాసపు గాలి హోరు వినగానే ఆయన చొక్కా చెమటతో తడిసిపోవును. రాత్రి కలలో నీళ్లు వచ్చుననిరి. ఇన్నేండ్లలో ఒక్కసారియు సముద్రపు గట్టుకు పోలేదు. ఈ జబ్బుకు గురుతులు ఇవియే: జరిగినది మరల కండ్లెదుట జరుగుచున్నట్లు తోచుట, దానిని గురుతుచేయు చోట్లను మాటలను తప్పించుకొనుట, చిన్న చప్పుడుకైనను ఉలికిపడుట, మనుష్యులమీదను తన మీదను నమ్మకము పోవుట. 1980లో వైద్యులు దీనికి పి.టి.ఎస్.డి. అను పేరు పెట్టిరి. లారీ ప్రమాదము, ఇంటిలో కొట్టుట, చెరుపబడుట కూడ దీనికి కారణములు.

ఘోరము జరిగిన మొదటి దినములలో భయము, నిద్రలేమి అనేకులకు కలిగి, తమంతట తామే తగ్గిపోవును. నెల దాటినను తగ్గనియెడల వైద్యము కావలెను. ఆపద జరిగిన వెంటనే పరామర్శకు పోయినవారు "ఏం జరిగిందో మొత్తం చెప్పు" అని బలవంతము చేయరాదు. అన్నము, పడక, తోడు, తనవారి కబురు ఇచ్చి, చెప్పదలచినప్పుడు వినవలెను.

4. వైద్యము

మొదటిది మాటల వైద్యము. తర్ఫీదు పొందిన కౌన్సిలరు వారమునకొకసారి కూర్చుండబెట్టి, తలంపులలోని వంకరలను రోగియే చూచునట్లు చేయును. దిగులుతో మంచము పట్టినవారికి రోజుకొక చిన్న పని నియమించును: ఇంటి ముందు ఊడ్చుట, చెరువుగట్టు వరకు నడుచుట. మనస్సు బాగుపడిన తరువాత పని కాదు; పని చేయగా చేయగా మనస్సు లేచును. భయమున్నవారిని, భయపడు దానియొద్దకు మెల్లమెల్లగా నడిపించును.

రెండవది మందులు. 1950ల ఆరంభములో క్షయకు ఇచ్చిన ఒక మందు రోగుల దిగులును కూడ తగ్గించుట డాక్టర్లు గమనించిరి. ఇట్టి మందులకు అది ఒక ఆరంభము. ఇప్పుడు తరచుగా ఇచ్చునవి ఫ్లూయాక్సిటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్. వీటినిగూర్చి అయిదు మాటలు జ్ఞాపకముంచుకొనుడి. గుణము కనబడుటకు రెండు నుండి నాలుగు వారములు పట్టును, గనుక మూడవనాడే మానరాదు. మొదట కడుపులో త్రిప్పట, తలనొప్పి రావచ్చును, సాధారణముగా తగ్గును. బాగుపడిన తరువాత కూడ కనీసము ఆరు నెలలు వాడవలెను. ఆపునప్పుడు డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గింపవలెను. యౌవనస్థులకు ఆరంభించిన మొదటి వారములలో చావు తలంపులు పెరుగవచ్చును, గనుక ఇంటివారు దగ్గరనుండి కనిపెట్టవలెను.

ఇవి సారావలె అలవాటుపడు మందులు కావు. అలవాటుపడునవి ఆల్ప్రజోలమ్, డయాజిపామ్ వంటి నిద్రబిళ్లలు. మందుల షాపులో అడిగి వాటిని నెలల తరబడి మ్రింగరాదు.

5. సంఘము చేయవలసినది

సందేహము కలిగినప్పుడు సూటిగా అడుగుడి: "అమ్మా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగినందువలన ఆ తలంపు పుట్టదు, చెప్పుకొనుటకు దారి దొరకును. అవునని చెప్పినవారిని ఒంటరిగా విడువకుడి. పురుగుల మందును ఇంటిలోనుండి తీసివేయుడి, లేదా తాళము వేసి తాళపుచెవి వేరొకరియొద్ద ఉంచుడి. పోలీసు కేసునకు భయపడి దాచకుడి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము అట్టివారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా ఎంచి, శిక్షకు కాక చికిత్సకు పాత్రులని చెప్పుచున్నది. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి మానస్‌కు 14416 నంబరున రాత్రియైనను పగలైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. హైదరాబాదు ఎర్రగడ్డలోను విశాఖపట్నములోను ప్రభుత్వ మానసిక ఆస్పత్రులు ఉన్నవి.

మరి ప్రార్థన మానవలెనా? మానరాదు. హిజ్కియా ప్రార్థన దేవుడు ఆలకించెను. అయినను ప్రవక్త అంజూరపుపండ్ల ముద్దను పుండుమీద వేయించెను. ప్రార్థన విన్న దేవుడే మందును కాదనలేదు. దయ్యము పట్టినదని కట్టివేయుట, కొట్టుట, మందు మాన్పించి కూటములకు త్రిప్పుట మనము విడిచిపెట్టవలెను.

ఆ తల్లి ఇప్పుడు కూటమునకు వచ్చుచున్నారు. కొన్ని ఉదయములు ఇంకను భారముగానే ఉండునని చెప్పుదురు. నేనును ఒక సంగతి నేర్చుకొంటిని. ఇప్పుడు ఎవరి గుమ్మము త్రొక్కినను బైబిలు తెరువకముందే అడుగుచున్నాను: "రాత్రి నిద్ర పట్టిందా? ఏమైనా తిన్నారా?"

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఏలీయాకు దేవుడు మొదట ఇచ్చినదేమి, పిమ్మట అడిగినదేమి?
2. మన వీధిలో రెండు వారములుగా బయట కనబడని వారెవరు? వారి ఇంటికి ఈ వారము ఎవరు పోవుదురు?
3. మన యిండ్లలో పురుగుల మందు ఎక్కడ ఉన్నది? తాళపుచెవి ఎవరియొద్ద ఉన్నది?