పరలోకపు ఇల్లు అంటే ఏమిటి?



క్రైస్తవుల పాటల్లో పరలోక గృహము అనే మాట చాలాసార్లు వస్తుంది. అనగా దేవుని దగ్గర ఉండే ఇల్లు. మన హాస్టల్లో చర్చికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, ఊరి దేవతని కొలిచేవాళ్ళు ఉన్నారు. ఇది అందరికీ తెలియాలని వ్రాస్తున్నాను గాని ఎవరినీ మతంలోకి రమ్మని కాదు.

మా ఊళ్ళో పోడు భూములకు పట్టా దరఖాస్తులు పెట్టినప్పుడు ఒక పెద్దమనిషి మా అమ్మతో, "మీకు పైన ఇల్లు ఉందని ప్రతి ఆదివారం పాడతారు గదా, మరి కింద పట్టా ఎందుకు?" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ ఏమీ అనలేదు. పైన ఇల్లు కోరుకునేవాళ్ళకు కింద నేల అక్కర్లేదా? ఇది తెలుసుకోవాలని బైబిల్లోను, చరిత్రలోను చూశాను.

ముందు అబ్రాహాము సంగతి. ఇతను సొంత దేశం విడిచి కనాను దేశం వచ్చి గుడారాల్లో కాపురం ఉన్నాడు. గుడారం అంటే డేరా. దేవుడే కట్టిన, గట్టి పునాదులున్న ఒక పట్టణం కోసం ఇతను ఎదురు చూశాడని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయంలో ఉంది. ఇలాంటి వాళ్ళంతా ఈ భూమి మీద తాము పరదేశులమని, యాత్రికులమని ఒప్పుకున్నారని కూడా ఉంది. పరలోక గృహం పాటలకు ఇదొక పెద్ద ఆధారం.

కాని ఆదికాండము 23వ అధ్యాయం కూడా చదవాలి. దీని మీద పాట నేను ఎక్కడా వినలేదు. అబ్రాహాము భార్య శారా చనిపోయింది. ఆమెను పాతిపెట్టడానికి అతనికి సొంత నేల లేదు. హెబ్రోనులో ఎఫ్రోను అనే హిత్తీయుని అడిగితే, ఊరికే తీసుకో అన్నాడు. అబ్రాహాము ఒప్పుకోలేదు. 400 తులముల వెండి తూచి ఇచ్చాడు. ఊరి గుమ్మం దగ్గర అందరూ చూస్తుండగా పొలం, దానిలోని మక్పేలా గుహ, పొలం హద్దుల్లో ఉన్న చెట్లు అన్నీ అతనివి అయ్యాయి. చెట్లతో సహా వ్రాసి ఉంది చూడండి! ఊరికే ఇచ్చిన నేలను రేపు ఎవరైనా వెనక్కి అడుగుతారని అతనికి తెలుసేమో. ఇది నా ఆలోచన. పైన పట్టణం కోసం ఎదురుచూసిన మనిషే కింద తనవాళ్ళను పాతిపెట్టే నేలను సాక్షుల ముందు గట్టి చేసుకున్నాడు.

తర్వాత చాలా కాలానికి, క్రీ.పూ. 597లో, బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము ప్రజలను చెరపట్టుకొని పోయాడు. వాళ్ళకు యిర్మీయా ప్రవక్త ఉత్తరం వ్రాశాడు. డెబ్బై ఏళ్ళు గడిచాక తిరిగి వస్తారు, అంతవరకు అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్ళిళ్ళు చేసుకోండి అని. ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తూ కూర్చోమనలేదు. హాస్టలుకి కొత్తగా వచ్చే చిన్నపిల్లలకు ఈ ఉత్తరం చదివి వినిపిస్తే మంచిది.

ఇక అమెరికా నల్లజాతి వాళ్ళ సంగతి. నాకు అన్నింటికంటే ఇదే ఎక్కువ నచ్చింది. ఆఫ్రికా నుండి పట్టుకొచ్చి అమ్మిన ఈ మనుషులు అక్కడ రెండు వందల ఏళ్ళకు పైగా బానిసలుగా బ్రతికారు. తల్లిని ఒకచోట, బిడ్డను ఒకచోట అమ్మేవారు. దక్షిణాన చాలా రాష్ట్రాల్లో వాళ్ళకు చదువు నేర్పడం నేరం. కనుక పాటలు నోటితోనే కట్టి నోటితోనే నేర్చుకున్నారు. ఇంటికి పోవడం, యొర్దాను నది దాటడం, కనాను చేరడం, ఆ పాటల్లో ఎక్కువగా ఇవే ఉంటాయి.

యజమానులు కూడా వాళ్ళకు పరలోకం గురించి చెప్పించేవారు. దొరకు లోబడి పని చెయ్యండి, చచ్చాక పరలోకం వస్తుంది అని బోధకులు చెప్పేవారు. మా ఊరి పెద్దమనిషి మాట కూడా ఇలాంటిదే. కాని పాడేవాళ్ళ మనసులో వేరే ఉంది. 1838లో బానిసత్వం నుండి తప్పించుకొన్న ఫ్రెడరిక్ డగ్లస్ 1855లో ఒక పుస్తకంలో చెప్పాడు, మేము కనాను అని పాడినప్పుడు ఉత్తరాది రాష్ట్రాలకు పారిపోవడం అనే అర్థం కూడా అందులో ఉండేది అని. ఉత్తరాన బానిసత్వం లేదు. అలాగని అవి ఉత్త గుట్టు మాటలు అనుకోకూడదు. విడిపోయిన తల్లిని పరలోకంలో చూస్తామని నిజంగానే నమ్మారు. రెండూ కలిసే ఉన్నాయి.

1865లో రాజ్యాంగ సవరణ చేసి బానిసత్వం తీసేశారు. 1866లో నాష్‌విల్ పట్టణంలో విడుదలైన వాళ్ళ కోసం ఫిస్క్ అనే బడి పెట్టారు. సైన్యం వదిలేసిన పాత షెడ్లలో పాఠాలు. ఐదేళ్ళకే డబ్బు లేక మూసే పరిస్థితి వచ్చింది. అప్పుడు ఆ బడి లెక్కలు చూసే జార్జ్ వైట్ తొమ్మిదిమంది విద్యార్థులను తీసుకొని 1871 అక్టోబరు 6న పాటలు పాడి డబ్బు పోగుచెయ్యడానికి బయలుదేరాడు. వాళ్ళలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్ళే. ఎల్లా షెప్పర్డ్ అనే అమ్మాయి పియానో వాయించేది, అప్పటికి ఆమెకు 20 ఏళ్ళు. నల్లవాళ్ళని చెప్పి కొన్ని హోటళ్ళలో గది ఇవ్వలేదు. పరలోక గృహం గురించి పాడేవాళ్ళకు రాత్రి తలదాచుకోడానికి చోటు లేదు! అయినా ఆపలేదు. 1873లో ఇంగ్లాండు పోయి విక్టోరియా రాణి ముందు కూడా పాడారు. వచ్చిన డబ్బుతో జూబిలీ హాల్ అనే పెద్ద భవనం లేచింది, 1876లో పూర్తయింది. అందులో విద్యార్థులు ఉండేవారు. అంటే అది కూడా హాస్టలే! పైన ఇంటి గురించి పాడి కింద హాస్టలు కట్టించారు.

ఇంకో పుస్తకం గురించి కొంచెం చెబుతాను. ఇంగ్లాండులో జాన్ బన్యన్ అనే ఆయన గిన్నెలకు మాట్లు వేసి బ్రతికేవాడు. అనుమతి లేకుండా బోధించాడని 1660లో పట్టుకొని 12 ఏళ్ళు జైల్లో పెట్టారు. 1678లో ఆయన పుస్తకం అచ్చయింది. తెలుగులో దాన్ని యాత్రికుని ప్రయాణము అంటారు. దానిలో ఒక మనిషి పరలోక పట్టణానికి పోవాలని ఇల్లు విడిచి పరుగెత్తుతాడు. భార్యాపిల్లలు వెనక నుంచి పిలుస్తుంటే చెవుల్లో వేళ్ళు పెట్టుకుంటాడు. ఇది నాకు నచ్చలేదు. 1684లో వచ్చిన రెండో భాగంలో భార్య కూడా పిల్లల్ని తీసుకొని అదే దారిన పోతుంది. ముందే అందరూ కలిసి పోతే ఏం?

మా ఇంట్లో ఉన్న తగువు కూడా ఇదే. అమ్మ చర్చికి పోతుంది, అమ్మమ్మ పోదు. చనిపోయినవాళ్ళు ఊరి చుట్టూనే ఉంటారని మా పెద్దవాళ్ళ నమ్మకం, వాళ్ళకు రాయి నిలబెడతారు. "మీరు పైకి పొండి, నేను మీ తాత దగ్గర ఇక్కడే ఉంటాను" అంటుంది అమ్మమ్మ. అప్పుడు అమ్మ మొహం చూడలేము.

మొన్న సెలవుల్లో అమ్మకు ప్రకటన గ్రంథము 21వ అధ్యాయం చదివి వినిపించాను. అది బైబిల్లో చివరి పుస్తకం. అందులో క్రొత్త యెరూషలేము అనే పట్టణం ఉంది. నాలుగు దిక్కులకు మూడేసి చొప్పున పన్నెండు గుమ్మాలు, పగటివేళ వేయరు, రాత్రి అక్కడ లేనే లేదు. (మన గేటు ఆరింటికే వేస్తారు.) దేవుడు మనుషులతో కాపురం ఉండి వాళ్ళ కన్నీళ్ళు తుడుస్తాడని ఉంది. అయితే మనుషులు ఎక్కి పైకి పోయినట్టు అక్కడ లేదు. ఆ పట్టణమే ఆకాశం నుండి దిగి వస్తుంది.

అమ్మమ్మ పొయ్యి దగ్గర కూర్చొని వింటోంది. "కిందికా?" అని మా భాషలో అడిగింది. కిందికే అన్నాను. మళ్ళీ చదవమంది.