చందమామ డాబా మీదికీ వస్తాడు

కూకట్‌పల్లి
2025 సెప్టెంబరు 5

నాన్నా కార్తీక్,

నిన్న ఫోన్లో నేను చెప్పినదానికల్లా "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అన్నావు. ముప్ఫై నాలుగేళ్ళు ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని. వినకుండా అనే "సరే" ఎలా ఉంటుందో నాకు తెలియదూ? అందుకే కాగితం మీద పెడుతున్నా. దీన్ని ఫొటో తీసి మీ వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటావో, చదివి మడిచి జేబులో పెట్టుకుంటావో నీ ఇష్టం.

చంద్రగ్రహణం ఫొటోల కోసం నీ ప్లాను నాకు అర్థమైనంతవరకు ఇది. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి కొండాపూర్‌లో బయల్దేరాలి. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద ఒక ఫొటో. ఔటర్ రింగ్ రోడ్డు మీద కారాపి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ బిల్డింగులు పడేలా ఇంకొకటి. అక్కణ్ణుంచి చేవెళ్ళ మీదుగా అనంతగిరి కొండలు. గ్రహణం విడవగానే తిరుగుప్రయాణం. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి రాయదుర్గం ఆఫీసులో మీటింగు. ఒక్క రాత్రిలో ఇంత పని రాహువుక్కూడా లేదు నాన్నా.

ముందు అసలు సంగతి చెప్తా. చంద్రగ్రహణం ఫొటో తియ్యడానికి ఊరు దాటి వెళ్ళక్కర్లేదు. మీ ఫ్లాటు డాబా మీది నుంచి ఎంత కనిపిస్తుందో, అనంతగిరి మీది నుంచీ అంతే. హైటెక్ సిటీ దీపాలు చందమామని ఏమీ చెయ్యలేవు. మీ ఇంటి పైకి వెళ్ళే తలుపుకి తాళం ఉంటుంది. ఆ తాళంచెవి ఏ వాచ్‌మన్ దగ్గరుందో రేపే కనుక్కో. గ్రహణం ఫొటోలు సగం ఆ తాళంచెవి దొరక్కే పోతాయి.

మరి దూరం ఎందుకు వెళ్ళడం? చీకటి కోసం. పున్నమి రాత్రి ఆకాశమంతా పాలు ఒలికినట్టుంటుంది, నాలుగు చుక్కలు తప్ప కనపడవు. గ్రహణం పూర్తిగా పట్టాక చంద్రుడి వెలుగు పదివేల వంతులకు పైగా పడిపోతుంది. అప్పుడు పున్నమినాడే అమావాస్య ఆకాశం బయటికొస్తుంది. ఎర్రటి చంద్రుడు, పక్కనే శని, చుట్టూ అంతవరకు లేని చుక్కలు. మాదాపూర్‌లో ఆ చుక్కలు రావు. అవి కావాలంటే వెళ్ళు, నేను వద్దనను. కానీ ఎందుకు వెళ్తున్నావో తెలిసి వెళ్ళు. ఉత్త చంద్రుడి ముఖం కోసమైతే ఆ పెట్రోలు డబ్బు పెట్టి మంచి ట్రైపాడ్ కొనుక్కో.

చీకటి కోసం ఊరు వదిలి పారిపోవడం మీతో మొదలైంది కాదులే. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ, తర్వాత బేగంపేటకి వెళ్ళింది. ఆ తర్వాత ఊరు పెరిగి దీపాలు బేగంపేటనీ చుట్టేశాయి. 1960ల చివర్లో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళు 48 అంగుళాల టెలిస్కోపుని ఊరికి యాభై కిలోమీటర్ల పైన, జపాల్-రంగాపూర్ దగ్గర పెట్టారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణానికి దేశదేశాల వాళ్ళు అక్కడికొచ్చారు. నేనప్పుడు డిగ్రీ పిల్లని. మమ్మల్ని ఆ పక్క ఊరి చెరువు గట్టు మీదికి తీసుకెళ్ళారు. ఊళ్ళో తలుపులన్నీ మూసేశారు, కుక్కలు తప్ప వీధిలో ఎవరూ లేరు. వేపచెట్టు కింద ఆకుల సందుల్లోంచి పడ్డ వెలుగు చుక్కలన్నీ నెలవంకలైపోయి ఉన్నాయి. ఒకావిడ కిటికీ సందులోంచి "లోపలికి రా బిడ్డా" అని ఒకటే పిలుపు. నేను వెళ్ళలేదు. ఆ నెలవంకల్ని చెప్పుల్లేని కాలితో తొక్కుతూ నిలబడ్డా. నా దగ్గర కెమెరా లేదు, ఉండుంటే కాళ్ళ కిందకి చూసేదాన్ని కాదేమో.

ఇక టైములు. మీ ఫోనులో ఉంటాయనుకో, అయినా అమ్మమ్మ పంచాంగంలో ఉన్న మాటలతోనే రాస్తా. అంతకంటే మంచి షూటింగ్ షెడ్యూలు నాకెక్కడా దొరకలేదు. స్పర్శ రాత్రి 9:57. నిమీలనం 11:01, అంటే పూర్తిగా కళ్ళు మూసుకోవడం. మధ్యం 11:42. ఉన్మీలనం 12:23, కళ్ళు తెరవడం. మోక్షం 1:26. నిమీలనానికీ ఉన్మీలనానికీ మధ్య 82 నిమిషాలు. నీకు చుక్కలు కావాల్సింది ఆ 82 నిమిషాల్లోనే. 11:01కి మీరు కారులో ఉండకూడదు. ట్రైపాడ్ నిలబెట్టి, ఫోకస్ చూసుకుని, నోరు మూసుకుని ఉండాలి. అంటే ఎనిమిదింటికి బయల్దేరితే ఆలస్యమే. శనివారం వినాయక నిమజ్జనం, ఆదివారానికీ లారీలు తిరిగొస్తూనే ఉంటాయి. అయిదింటికి కదలండి.

కేబుల్ బ్రిడ్జి ఫొటో మాట. 11:42కి చంద్రుడు దక్షిణం వైపు, నడినెత్తికి కాస్త కిందుగా ఉంటాడు. బ్రిడ్జి నేల మీద ఉంటుంది. రెండూ ఒకే ఫ్రేములోకి రావాలంటే లెన్సు ఎంత వెడల్పుగా పెట్టాలంటే, చంద్రుడు ఆవగింజంత పడతాడు. పైగా గ్రహణ చంద్రుడి వెలుగుకి సరిపడా ఎక్స్‌పోజరు ఇస్తే ఆ బ్రిడ్జి రంగుల దీపాలు తెల్లగా మాడిపోతాయి. బిల్డింగులతో చంద్రుడు కావాలంటే సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో, ఊరు దాటకముందే, తూర్పున పొడిచేటప్పుడు తీసుకో. గ్రహణం ఉండదు, కానీ ఫొటో బాగుంటుంది. ఎలాగూ అది చూసి జనం గ్రహణమనే అనుకుంటారు! బ్రిడ్జి రోడ్డు మీద బండి ఆపకు.

ఔటర్ మీద అసలే ఆపకు. గంటకి 120తో వచ్చేవాడికి, హజార్డ్ లైట్లు వేసుకుని నిలబడ్డ కారు కదులుతున్నదో ఆగున్నదో దగ్గరికొచ్చేదాకా తెలియదు. బుల్లెట్ మీద వస్తానన్న నీ ఫ్రెండుకి కూడా చెప్పు, ఔటర్ మీదికి టూవీలర్లని రానివ్వరు. కారెక్కమను.

మబ్బుల సంగతి నీకు చెప్పక్కర్లేదు, భాద్రపద మాసం. ఆదివారం మధ్యాహ్నం నుంచి వాతావరణ శాఖ సైటులో ఇన్సాట్ ఉపగ్రహ చిత్రాలు చూస్తూ ఉండు. మబ్బు ముక్కలు ముక్కలుగా ఉంటే వెళ్ళు, తెలంగాణ అంతా దుప్పటి కప్పినట్టుంటే మానెయ్. మానేస్తే నామోషీ ఏం లేదు. మొదటి నుంచి చివరిదాకా మనకి కనిపించే సంపూర్ణ చంద్రగ్రహణం మళ్ళీ 2028 డిసెంబరు 31 రాత్రి. వచ్చే మార్చి 3న ఒకటుంది గానీ, మనకి చంద్రుడు పొడిచేసరికే విడిచిపోతూ ఉంటుంది. 2028ది చలికాలం, ఆకాశం అద్దంలా ఉంటుంది. కాకపోతే ఆ రాత్రి మీ సైబరాబాదంతా డ్రంకెన్ డ్రైవ్ చెకింగులూ పటాకులూ!

ఇప్పుడు ఈ ఉత్తరం రాయించిన విషయానికొస్తా. 2018 జూలై 27 గ్రహణం నీకు గుర్తుండదు, ఇంజనీరింగ్ సప్లిమెంటరీ గొడవల్లో ఉన్నావు. ఈ శతాబ్దంలోకెల్లా పొడుగైన సంపూర్ణ గ్రహణం, 103 నిమిషాలు. నేనూ మీ పెదనాన్నా చేవెళ్ళ అవతల ఒక జొన్నచేను పక్కన రాత్రి పదకొండు నుంచి కూర్చున్నాం. మబ్బు. రెండు దాటాక ఎనిమిది నిమిషాలు విడిచింది. ఆ ఎనిమిది నిమిషాల్లో నా కెమెరా ఆటోఫోకస్ చంద్రుణ్ణి పట్టుకోలేక ముందుకీ వెనక్కీ గిర్రుగిర్రుమంటూనే ఉంది. మాన్యువల్‌కి మార్చాలని తోచేసరికి మళ్ళీ మబ్బు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అదే చిరాకులో మూడింటికి బయల్దేరాం. చేవెళ్ళ రోడ్డు నీకు తెలుసు, రెండు పక్కలా మర్రిచెట్లు, మధ్యలో డివైడర్ లేదు. నేను కళ్ళు మూసుకున్నా. టైరు కింద గులకరాళ్ళు నలిగిన చప్పుడుకి తెరిచా. హెడ్‌లైటు వెలుగులో మర్రిమాను మీది సున్నప్పట్టీ ఒక్కటే కనపడింది, అద్దం నిండా తెల్లగా. "ఏమండీ" అని అరిచాను. ఆయన స్టీరింగ్ తిప్పారు. ఎడమ పక్క అద్దం ఊడకి తగిలి ఊడిపోయింది, అంతే. ఇంట్లో అందరికీ గేదె అడ్డమొచ్చిందని చెప్పాం. గేదె లేదు నాన్నా, నిద్ర వచ్చింది. మీ అమ్మకి కూడా ఇవాళ్టిదాకా తెలియదు, నువ్వు చెప్పకు.

అందుకని, వెళ్తే రాత్రికి రాత్రి తిరిగి రాకు. అనంతగిరిలో టూరిజం వాళ్ళ హరిత రిసార్టుంది, దొరక్కపోతే వికారాబాద్‌లో లాడ్జి. ఆఫీసుకి సోమవారం సెలవు పెట్టు, లేకపోతే మధ్యాహ్నం నుంచి వస్తానని చెప్పు. మీ నలుగురిలో ఒకడు సాయంత్రం నాలుగింటిదాకా పడుకుని రావాలి, స్టీరింగ్ వాడిదే. వాడు ఫొటోలు తియ్యడు. టీ తాగితే నిద్ర ఆగుతుందని ఎవడైనా అంటే వాడికి కారు ఇవ్వకు.

అక్కడికెళ్ళాక అడవిలోకి చొరబడకండి, దారి పక్కన తెరిపి చోటు చాలు. పోలీసులొచ్చి నలుగురు కుర్రాళ్ళు చీకట్లో ఏం చేస్తున్నారని అడుగుతారు, అడగాలి కూడా. ఇంగ్లీషులో మాట్లాడకు. "చంద్రగ్రహణం సార్, చూడండి" అని కెమెరా వెనక తెర చూపించు. కారు లైట్లు ఆర్పెయ్, ఫోను వెలుతురు తగ్గించు. చీకటికి కళ్ళు అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, చెడడానికి ఒక్క మెసేజీ చాలు.

కెమెరా విషయంలో నాకంటే నీకే ఎక్కువ తెలుసనుకుంటావు కాబట్టి కొంచెమే చెప్తా. నీ 300 మిల్లీమీటర్ల లెన్సులో చంద్రుడి బొమ్మ సెన్సర్ మీద మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు (ఫోకల్ లెంగ్త్‌ని 110తో భాగించుకో), ఆశలు ఆ కొలతకే పెట్టుకో. ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి, నిండు చంద్రుడుండగానే అంచు మీద చూసుకుని, లెన్సు రింగుకి టేపు వెయ్. ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ ఆపెయ్, రెండు సెకన్ల టైమర్ పెట్టు. గ్రహణం పట్టకముందు ఐఎస్‌ఓ 200, ఎఫ్ 8, సెకనులో 250వ వంతు. పూర్తిగా పట్టాక ఐఎస్‌ఓ 1600 దాటి, ఎఫ్ 5.6, అర సెకను నుంచి రెండు సెకన్ల దాకా అన్నీ తియ్. ఎంత చీకటిగా ఉంటుందో ముందు ఎవరూ చెప్పలేరు. పినతుబో అగ్నిపర్వతం పేలిన మరుసటి ఏడాది, 1992 డిసెంబరు గ్రహణంలో దాని వల్ల చంద్రుడు నల్లబొగ్గులా అయిపోయాడు. ఆకాశం తిరగడంతో చంద్రుడు రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరుగుతాడు, రెండు సెకన్లు దాటితే అంచు చెదురుతుంది. ట్రైపాడ్‌కి బరువు వేలాడదీయడానికి పాత దిండు గలీబులో ఇసుక నింపు. బియ్యం నింపకు, గ్రహణంలో బయటున్న బియ్యాన్ని అమ్మమ్మ మళ్ళీ పొయ్యెక్కనివ్వదు.

అమ్మమ్మ అంటే గుర్తొచ్చింది. ఆవిడ ఆదివారం మధ్యాహ్నం నుంచే ఏమీ ముట్టదు, ఆవకాయ జాడీ మీద దర్భ వేస్తుంది, నీకు ఫోన్ చేసి బయటికెళ్ళొద్దంటుంది. వాదించకు. తిరుమల గుడే మధ్యాహ్నం మూడున్నరకి మూసేస్తున్నారు, నీ సైన్సు ఆవిడకి ఒక్క ఫోన్లో ఎక్కదు. నేనే ఆవిడ దగ్గర నలభై ఏళ్ళుగా ఓడిపోతున్నా. వెలుగుండగానే తినేశానని చెప్పు, నిజంగానే తినెయ్. కడుపు నిండా బిర్యానీ తిని పదకొండింటికి ఆకాశం చూసేవాడు పన్నెండింటికి గురక పెడతాడు.

పెదనాన్న బైనాక్యులర్ డబ్బాలో పెట్టి ఉంచా. రేపు నిమజ్జనం ట్రాఫిక్ మొదలవకముందే, పొద్దున తొమ్మిదిలోపు వచ్చి పట్టుకెళ్ళు. అది మెడలో ఉంటే 82 నిమిషాల్లో కనీసం పది నిమిషాలు కెమెరా వదిలేసి చూస్తావు. శని చంద్రుడికి తూర్పున, కొద్ది దూరంలోనే ఉంటాడు. నాకు వేరే బైనాక్యులర్ లేదు, పర్లేదు, మా డాబా మీద ఉత్త కళ్ళతో చూసుకుంటా. 1998లో సైబర్ టవర్స్ తెరవకముందు మాదాపూర్ నిండా రాళ్ళూ తుప్పలే. మీ పెదనాన్న స్కూటర్ ఆపి నాకు అక్కణ్ణుంచి వృశ్చికం తోకదాకా చూపించారు. ఇప్పుడు మా డాబా మీదికి పది చుక్కలొస్తే గొప్ప.

లాడ్జిలో పడుకునే ముందు నాకొక మెసేజీ పెట్టు. ఫొటో వద్దు, గది నంబరు పెట్టు. రెండింటిదాకా మేలుకునే ఉంటా.

మీ పెద్దమ్మ