నకలు పాతబడితే ఎవరు చెప్పాలి?



ఈ నెల గోడ పత్రికలో సైన్సు పేజీ నాకు ఇచ్చారు. ఇదివరకు అక్కలు మొక్కల గురించి, గ్రహాల గురించి రాసేరు. నేను కంప్యూటర్లో ఫైళ్ళు తొందరగా ఎలా దొరుకుతాయో రాస్తున్నాను. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. కంప్యూటరు సారు ఈ పాఠం చెప్పిన రోజు నాకు సగం కూడా అర్థం కాలేదు. దసరా సెలవుల ముందు మా అయ్య గేటు బయట నిలబడ్డ రోజు అర్థమైంది. ఆ సంగతి చివర చెప్తాను. ముందు పాఠం చెప్తాను.

1. ఫైళ్ళ చెట్టు

కంప్యూటర్లో ఫైళ్ళు కుప్పగా ఉండవు. చెట్టులాగ ఉంటాయి. మొదట వేరు, దానిలోంచి కొమ్మలు, కొమ్మల్లోంచి రెమ్మలు, చివర ఆకు. కొమ్మను ఫోల్డరు అంటారు. ఆకు అంటే మన ఫైలు.

మనం ఉత్తరం మీద జిల్లా, మండలం, పంచాయతీ, ఊరు, ఇంటి పేరు రాస్తాం కదా. ఫైలు అడ్రసు కూడా అలాంటిదే. ఉదాహరణకి: బడి / తొమ్మిది / తెలుగు / మార్కులు. "మార్కులు" ఎక్కడుందో కంప్యూటరుకి ఒకేసారి తెలియదు. ముందు వేరు తెరుస్తుంది. అందులో "బడి" ఎక్కడుందో రాసి ఉంటుంది. "బడి" తెరిస్తే "తొమ్మిది" దొరుకుతుంది. అది తెరిస్తే "తెలుగు". అది తెరిస్తే "మార్కులు". ఒక్క ఆకు కోసం నాలుగు కొమ్మలు పట్టుకుని ఎక్కాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఎవరు ఏ ఆకు కోసం ఎక్కినా వేరు దగ్గర నుంచే ఎక్కాలి. కాబట్టి పై ఫోల్డర్లు అందరికీ అస్తమానూ కావాలి. కానీ అవి ఎప్పుడో గాని మారవు. జిల్లా పేరు రోజూ మారదు కదా.

2. ఫైళ్ళు దూరంగా ఉంటే

ఒకే కంప్యూటర్లో అయితే ఈ ఎక్కడం తేలికే. పెద్ద కాలేజీలు, ఆఫీసుల్లో ఫైళ్ళు సర్వరు అనే వేరే మిషన్లో ఉంటాయి. మనం కూర్చునే కంప్యూటరు ఇంకోచోట ఉంటుంది. మధ్యలో తీగ. సర్వర్లు కూడా ఒకటి కాదు, చాలా ఉండొచ్చు. ఇలా చాలా మిషన్లు కలిసి ఒక్క మిషన్లాగ పనిచేస్తే దానిని పంపిణీ వ్యవస్థ అంటారు.

ఇక్కడ ఆలస్యం మొదలవుతుంది. కంప్యూటరు తన జ్ఞాపకంలోంచి ఒక మాట తియ్యడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. తిరిగే డిస్కులోంచి తియ్యాలంటే సుమారు 10 మిల్లీసెకన్లు. అంటే లక్ష రెట్లు ఎక్కువ. జ్ఞాపకంలోది ఒక్క నిమిషం పని అనుకుంటే, డిస్కులోది లక్ష నిమిషాలు. లెక్క కడితే 69 రోజులు దాటింది. తీగ మీద వెళ్ళి రావడం, సర్వరు దగ్గర లైనులో నిలబడడం దీనికి అదనం.

3. క్యాష్ అంటే డబ్బు కాదు

సారు "క్యాష్" అంటే మేమందరం నవ్వేం. డబ్బు అనుకున్నాం. డబ్బు కాదు. ఇది ఫ్రెంచి భాషలోంచి వచ్చిన మాట. దాచిపెట్టిన చోటు అని అర్థం.

మన వంటగది చూడండి. బియ్యం ముందు పెద్ద గోడౌనులో ఉంటాయి. అక్కడి నుంచి డిపోకి, డిపో నుంచి మన స్టోరు రూముకి వస్తాయి. వంట అక్క పొద్దున్నే ఆ రోజుకి సరిపడా కొలిచి వంటగదిలో పెట్టుకుంటుంది. గంటె పట్టుకుని ప్రతిసారీ గోడౌనుకి పరిగెత్తదు. వంటగదిలో డబ్బాయే క్యాష్. దగ్గరది చిన్నది, తొందరగా అందుతుంది. దూరంది పెద్దది, ఆలస్యంగా అందుతుంది. కంప్యూటరు కూడా ఒకసారి తెచ్చుకున్న ఫైలుకి నకలు దగ్గర దాచుకుంటుంది. రెండోసారి అడిగితే ఆ నకలే ఇస్తుంది.

4. ఆండ్రూ అనే వ్యవస్థ

అమెరికాలో పిట్స్‌బర్గ్ అనే ఊరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఉంది. 1982లో వాళ్ళు ఐబీఎం కంపెనీతో ఒప్పందం చేసుకుని ఈ పని మొదలుపెట్టేరు. కనీసం 5,000 కంప్యూటర్లు ఒకే ఫైళ్ళ చెట్టును వాడుకోవాలని వాళ్ళ ఆశ. ఆండ్రూ కార్నెగీ, ఆండ్రూ మెలన్ అనే ఇద్దరి పేరు మీద దానికి ఆండ్రూ ఫైల్ సిస్టమ్ అని పేరు పెట్టేరు. దానిని తయారు చేసిన ముఖ్యుల్లో ఒకరు మహదేవ్ సత్యనారాయణన్ గారు. ఆయన ఐఐటీ మద్రాసులో చదువుకున్నారు. 2016 సంవత్సరానికి ఏసీఎం సంస్థ ఈ వ్యవస్థ చేసినవారికి సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు ఇచ్చింది.

వాళ్ళ పద్ధతి ఇది. మనం ఫైలు తెరిస్తే మొత్తం ఫైలు సర్వరు నుంచి వచ్చి మన కంప్యూటరు డిస్కులో పడుతుంది. చదవడం, రాయడం అంతా ఆ నకలు మీదే. మూసేటప్పుడు మార్పు ఉంటే తిరిగి సర్వరుకి వెళ్తుంది.

మొదటిసారి తయారు చేసినప్పుడు ఒక చిక్కు వచ్చింది. నకలు దగ్గరే ఉన్నా, అది పాతబడిందేమో అని భయం. అందుకని ఫైలు తెరిచిన ప్రతిసారీ కంప్యూటరు సర్వరుని అడిగేది: "నా దగ్గరున్నది ఇంకా సరైనదేనా?" సర్వరు "సరైనదే" అనేది. వాళ్ళు లెక్క తీస్తే సర్వరుకి వచ్చిన పిలుపుల్లో 61.7 శాతం ఈ ప్రశ్నే! ఫైలు వివరాలు అడిగేవి ఇంకో 26.8 శాతం. నిజంగా ఫైలు ఇమ్మని అడిగినవి 4 శాతమే. పైగా అడ్రసు మొత్తం సర్వరుకే ఇచ్చేవారు కాబట్టి, చెట్టు ఎక్కే కష్టం కూడా సర్వరుదే. ఒక్క సర్వరు 20 కంప్యూటర్లకి అలసిపోయేది.

ఇది చదివినప్పుడు మన స్టడీ అవరు గుర్తొచ్చింది. "మేడమ్, బెల్లు అయిందా? మేడమ్, అయిందా?" అని అందరం అడుగుతుంటే మేడమ్ ఇంకే పని చేసుకోగలరు?

5. అడగక్కర్లేదు, నేనే చెప్తాను

రెండోసారి వాళ్ళు పద్ధతి తిరగేసేరు. ఇప్పుడు ఫైలు ఇచ్చేటప్పుడే సర్వరు మాట ఇస్తుంది: "ఇది మారితే నేనే నిన్ను పిలిచి చెప్తాను. అప్పటిదాకా నన్ను అడగక్కర్లేదు." ఎవరెవరికి నకలు ఇచ్చిందో పట్టీ రాసుకుంటుంది. ఎవరైనా ఫైలు మారిస్తే పట్టీలో ఉన్నవాళ్ళందరికీ "నీ నకలు చెల్లదు" అని కబురు పంపుతుంది. దీని పేరు కాల్‌బ్యాక్. తెలుగులో తిరుగు పిలుపు అనవచ్చు.

ఇంకో మార్పు. ఫైళ్ళే కాకుండా ఫోల్డర్లను కూడా కంప్యూటరు దాచుకుంటుంది. అప్పుడు చెట్టు ఎక్కే పని తన దగ్గరే అయిపోతుంది. సర్వరుని అడ్రసుతో కాక నంబరుతో అడుగుతుంది. ఈ రెండూ చేసేక ఒక్క సర్వరు సుమారు 50 కంప్యూటర్లని మొయ్యగలిగింది. ఆ వివరాలు 1988లో అచ్చయ్యేయి.

సన్ కంపెనీ 1980లలో చేసిన ఎన్ఎఫ్ఎస్ అనే వ్యవస్థది వేరే దారి. అక్కడ మొదట్లో తిరుగు పిలుపు ఉండేది కాదు. నకలుని కొంత సేపే నమ్ముతారు. లినక్సులో మామూలుగా ఫైలు వివరాలను కనీసం 3 సెకన్లు, ఫోల్డరు వివరాలను కనీసం 30 సెకన్లు నమ్ముతుంది. ఆ తర్వాత మళ్ళీ అడుగుతుంది. కొమ్మ ఆకంత తొందరగా మారదు కాబట్టి కొమ్మకి గడువు ఎక్కువ.

6. ఇందులో లోపాలు

(అ) తీగ తెగితే కబురు రాదు. కబురు రాలేదు కాబట్టి మార్పు లేదు అనుకోవడం తప్పు. అందుకే తిరుగు పిలుపు మాటకి కూడా గడువు పెడతారు. గడువు దాటితే, లేదా కంప్యూటరు ఆగి మళ్ళీ మొదలైతే, తన నకళ్ళని తానే అనుమానించి అడిగి తెలుసుకోవాలి.

(ఆ) సర్వరు పడిపోతే దాని జ్ఞాపకంలో ఉన్న పట్టీ పోతుంది. ఎవరికి చెప్పాలో దానికే తెలియదు.

(ఇ) ఇద్దరు ఒకే ఫైలు మారిస్తే ఆండ్రూలో ఆఖరున మూసినవాళ్ళదే నిలుస్తుంది. మనం ఇద్దరం ఒకే పేజీ రాసి గోడకి అంటిస్తే పైన అంటించిందే కనబడుతుంది కదా, అలాగ.

7. మా అయ్య సంగతి

దసరా సెలవులు శుక్రవారం నుంచి అని మొదట చెప్పేరు. నేను ఒక కాగితం మీద రాసి, ఆదివారం వాళ్ళ పాపని చూడ్డానికి వచ్చిన మా ఊరి పిన్నితో పంపేను. బుధవారం పరీక్ష ఒకటి వెనక్కి జరిగింది. సెలవులు ఆదివారం నుంచి అని బోర్డు మీద దిద్దేరు. నేను చూసేను. నా నోటు బుక్కులో కూడా దిద్దుకున్నాను. మా ఊర్లో ఉన్న కాగితం మాత్రం దిద్దుకోలేదు. మా ఊర్లో సిగ్నలు లేదు.

శుక్రవారం మా అయ్య వచ్చేడు. రోడ్డు దాకా పదకొండు కిలోమీటర్లు నడక, గెడ్డ దాటాలి, తర్వాత జీపు. చోడి చేను కోతకి వచ్చిన రోజులు. గేటు దగ్గర నన్ను పిలిచి అడిగేడు: "ఏటమ్మా, సెలవులు ఇవ్వనేదా? నువ్వు రాసిన కాయితంలోన శుక్రవారమనే చదివింది కదా పిన్ని?"

"మారిపోయింది అయ్యా, ఆదివారం" అన్నాను.

"మరి సెప్పనేదే?" అన్నాడు. కోపంగా కాదు. మామూలుగానే అడిగేడు. నా దగ్గర జవాబు లేదు. మూడు గంటల దాకా చింతచెట్టు కింద కూర్చుని వెళ్ళిపోయేడు. రెండు రోజులకి మళ్ళీ అంత దూరం వచ్చేడు.

మా అయ్యకి చదువు రాదు. అయినా కాగితాన్ని నమ్మేడు, ఎందుకంటే అది నేను రాసింది. ఆ కాగితమే నకలు. దానిని ఇచ్చినదాన్ని నేను. నేను పట్టీ రాసుకోలేదు, తిరుగు పిలుపు పంపలేదు. నకలు తొందరగా అందితే చాలదు. పాతబడితే చెప్పే మనిషి ఒకరు ఉండాలి.

8. ఒక విన్నపం

వార్డెన్ మేడమ్ గారికి వినయంగా చెప్పుకునేది ఏమిటంటే, నోటీసు బోర్డు పక్కన ఒక పట్టీ పెడదాం. ఏ ఊరి దారిలో ఏ జంక్షన్ దుకాణం ఫోను పనిచేస్తుందో, ఆ ఊరి పిల్లలు ఎవరో అందులో ఉంటుంది. తేదీ మారితే ఆ రోజే ఆ నంబర్లకి చెప్పాలి. పట్టీ రాసే పని మా తొమ్మిదో తరగతి వాళ్ళం చేస్తాం. రెండు కాపీలు రాస్తాం, ఒకటి పోయినా ఒకటి ఉంటుంది.

పిల్లలం మనం కూడా ఇంటికి పంపే కాగితం కింద ఒక వరుస రాయాలి: "ఇది బుధవారం దాకా నమ్మండి. తర్వాత సంతకి వచ్చినప్పుడు ఒకసారి ఫోను చేసి అడగండి."

ఆలోచించండి:

1. మన హాస్టల్లో ఎక్కువగా అడిగే, ఎప్పుడో గాని మారని సమాచారం ఏది? దానిని ఎక్కడ రాసి పెడితే మంచిది?

2. నీ నోటు బుక్కులో రాసుకున్న తేదీలన్నీ ఇంకా సరైనవేనా?

3. నువ్వు ఎవరికి ఏ మాట చెప్పి పంపేవో నీ దగ్గర పట్టీ ఉందా?

తప్పులుంటే మన్నించి, పక్కన పెన్సిలుతో దిద్దగలరు. దిద్దితే నాకు చెప్పండి, నా నోటు బుక్కులో కూడా దిద్దుకుంటాను.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని