మెఫీబోషెతు భూమియు మన యింటి దస్తావేజును

ఈ నెల పాఠమునకు ముందు సమూయేలు రెండవ గ్రంథములో 9వ అధ్యాయమును, 16వ అధ్యాయములోని మొదటి నాలుగు వచనములను, 19వ అధ్యాయములో 24 మొదలు 30 వరకు గల వచనములను ఇంటివారందరు కూడి చదువుకొనవలెనని కోరుచున్నాము.

యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు అయిదేండ్లవాడై యుండగా, అతని దాది అతని నెత్తుకొని పారిపోవుచు పడవేసెను. నాటినుండి అతని రెండు కాళ్లును కుంటివాయెను. దావీదు రాజైన తరువాత అతనిని లోదెబారునుండి పిలిపించి రెండు మేలులు చేసెను. తన బల్లయొద్ద నిత్యము భోజనము చేయుమనెను. తాతయైన సౌలు భూమి యంతయు తిరిగి యిచ్చెను. చదువరులారా, ఈ రెంటిని వేరువేరుగా చూడుడి. అన్నము పెట్టుచున్నాము గదా, వీనికి ఆస్తి యెందుకని రాజు అనలేదు.

ఆ భూమిని సేద్యము చేయుటకు సీబా నియమింపబడెను. అతనికి 15 మంది కుమారులు, 20 మంది దాసులు ఉండిరి. అబ్షాలోము తిరుగుబాటు చేసిన దినములలో సీబా గాడిదలమీద రొట్టెలును పండ్లును వేసికొని దావీదునకు ఎదురేగి, తన యజమానుడు రాజ్యమును ఆశించి యెరూషలేములో నిలిచిపోయెనని చెప్పెను. రాజు రెండవ పక్షమును వినకయే ఆస్తి యంతయు సీబాకు ఇచ్చివేసెను. పిమ్మట మెఫీబోషెతు వచ్చి, గాడిదను సిద్ధపరచుకొని రావలెననుకొంటిని గాని కుంటివాడనైన నన్ను నా దాసుడు మోసగించెనని మొరపెట్టగా, భూమిని ఇద్దరును పంచుకొనుడని తీర్పాయెను. ప్రయాణము చేయలేనివాని ఆస్తి, ప్రయాణము చేయగలవాని నోటిమాటచేత చేతులు మారెను. ఈ పాఠములో మనము నేర్చుకొనవలసిన సంగతి యిదే.

నేడు మన గ్రామములలో వికలాంగులకు పింఛను వచ్చుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దానిని నెలకు 6,000 రూపాయలకును, తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకును పెంచిరి. ఇది బల్లయొద్ద భోజనము వంటిది. దీనితో తృప్తిపడక, భార్యాభర్తలు ఒకరి కూలియు ఒకరి పింఛనును కలిపి, రూపాయి రూపాయి కూడబెట్టి, చిన్న యిల్లో స్థలమో కొనబూనుదురు. అది మెచ్చదగిన పని. అయితే కాగితము వ్రాయించు దినమున పెద్దలు కొందరు రెండు మాటలు చెప్పుదురు.

మొదటి మాట: “నీ పేర ఇల్లుంటే పింఛను పోతుంది, మీ ఆయన పేరనే వ్రాయించు.” ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఏర్పరచిన నిబంధనలు కుటుంబమంతటి ఆదాయమును, పొలమును, పట్టణములలోనైతే ఇంటి వైశాల్యమును లెక్కించినవి. లెక్క కుటుంబమంతటికి గనుక, భర్త పేర వ్రాసినంతమాత్రమున దాగునది యేమియు లేదు. కొనుటకు ముందే పింఛను ఇచ్చు కార్యాలయములో ఉన్నది ఉన్నట్లు చెప్పి, నేటి నిబంధనను అడిగి తెలిసికొనుడి. యథార్థముగా అడిగినవానికి తరువాత భయపడ పని లేదు.

రెండవ మాట: “మొగుడూ పెళ్లాలు ఒక్కటే గదా, ఇద్దరి పేర్లెందుకు?” వారు ఏకశరీరమై యున్నారనుట సత్యమే. ఒక్కటే గనుకనే రెండు పేర్లు ఉండవలెను. క్రైస్తవులకు వర్తించు 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టమును చూడుడి. వీలునామా వ్రాయకుండ భర్త మరణించి పిల్లలు ఉన్నయెడల, అతని పేరనున్న ఆస్తిలో భార్యకు మూడవ వంతే వచ్చును. పిల్లలు లేక అతని బంధువులున్నయెడల ఆమెకు సగము, బంధువులకు సగము. నడువలేని విధవరాలు తన పింఛను సొమ్ముతో కొన్న యింటిలోనే మరిది దయమీద బ్రదుకవలసి వచ్చిన, అది సీబా కథ గాక మరేమి?

ప్రభుత్వ చట్టమును ఈ విషయములో బలహీనుని పక్షముననే యున్నది. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 13వ సెక్షను ప్రకారము, ఆస్తి కలిగియుండుటకును తన డబ్బు తానే చూచుకొనుటకును వికలాంగునికి ఇతరులతో సమానమైన హక్కు కలదు. సహాయము చేయువానికి ఆ బేరములో తన స్వలాభము అడ్డువచ్చినయెడల, అతడు ఆ బేరమునుండి తప్పుకొనవలెను. 37వ సెక్షను గృహ పథకములలో, 40 శాతము మొదలు ఆపై వైకల్యము ధ్రువపరుపబడినవారికి 5 శాతము కేటాయింపు చెప్పుచున్నది. అందులో స్త్రీలకు ప్రాధాన్యము కలదు.

ఇక చేయవలసిన పనులను వరుసగా చెప్పుదుము. బయానా ఇయ్యకముందే సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో ఈసీ తీయించి, ఆ యింటిమీద అప్పుగాని తాకట్టుగాని కలదేమో చూడుడి. దస్తావేజులో కొనుగోలుదారులుగా ఇద్దరి పేర్లను వ్రాయించి, ఎవరి వాటా యెంతో కూడ స్పష్టము చేయుడి. ఎవరెంత సొమ్ము పెట్టిరో ఋజువు లేనప్పుడు, 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము ఇద్దరికి సమభాగమని భావించును. ముందే వ్రాసికొన్నచో తగవే రాదు. పింఛను సొమ్ము బ్యాంకు ఖాతానుండి చెల్లించిన, అది సాక్ష్యముగా నిలుచును. చూపు లేనివారికి దస్తావేజు మొదటినుండి చివరివరకు చదివి వినిపింపకుండ వేలిముద్ర వేయింపరాదు. కార్యాలయమునకు రాలేనంత అశక్తులు ఇతరుల పేర వదలివేయ నక్కరలేదు. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము 38వ సెక్షను ప్రకారము, అధికారి తానే యింటికి వచ్చియైనను, కమిషను పంపియైనను వారిని విచారింపవలెను.

సంఘమునకును ఇందులో పని కలదు. యిర్మీయా అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొనినప్పుడు, సాక్షులను పిలిచి, పత్రము వ్రాసి, ముద్రవేసి, మంటికుండలో భద్రపరచుమని బారూకుతో చెప్పెను. దేశము శత్రువుల చేతిలో పడబోవుచున్న దినములలో సహితము ఆ ప్రవక్త కాగితమును అశ్రద్ధ చేయలేదు. మన సంఘ పెద్దలును అట్టి కుటుంబముతో కార్యాలయమునకు వెళ్లి సాక్షి సంతకము చేయుదురు గాక. యౌవనస్థులు ఆ దినమున ఆటో మాటలాడి వారిని తీసికొనిపోవుదురు గాక. గాడిదను సిద్ధపరచి యిచ్చువాడు ఒక్కడున్నయెడల మెఫీబోషెతు తన మాట తానే రాజుతో చెప్పుకొనియుండును.

మీ సంఘములో అట్టి కుటుంబము ఉన్నదేమో ఈ వారమే విచారించుడి. వారి యిల్లు ఎవరి పేరనున్నదో ప్రేమతో అడుగుడి. ఒకని పేరనే యున్నయెడల, రెండవవారి పేర వాటా వ్రాసి రిజిస్టరు చేయించుటయో, వీలునామా వ్రాయుటయో, మనిషి బ్రదికియుండగానే జరుగవలెను.