గైడు చెప్పని పార్వతీశం

ఇంటర్లో మాకు తెలుగు నాన్‌డిటెయిల్డ్‌గా ‘బారిస్టర్ పార్వతీశం’ ఉండేది. నవల చదివింది తక్కువ, గైడు బట్టీపట్టింది ఎక్కువ. పార్వతీశం పాత్రచిత్రణ అడిగితే ‘అమాయకుడు’ అని మొదలుపెట్టి మూడు పేజీలు నింపండి, మార్కులు ఎక్కడికీ పోవని మాస్టారి హామీ. నింపాను. మార్కులూ వచ్చాయి.

కిందటి వేసవిలో ఊళ్ళో అటక దులుపుతుంటే ఆ పుస్తకం బయటపడింది. అట్ట ఎప్పుడో ఊడింది. మార్జిన్లలో పెన్సిలు గీతలు, పక్కనే ‘ఇంపార్టెంట్’ అని నా కోడిగీతల దస్తూరీ. కరెంటు లేని మధ్యాహ్నం కావడంతో అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాను. చిత్రమేమిటంటే, గీతలు కొట్టిన చోట నాకిప్పుడు ఏమీ కనిపించలేదు. చదువుతూ చదువుతూ ఆగిపోయిన చోట ఒక్క గీతా లేదు.

మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ఈ నవల మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదువుకని ఇంగ్లండు బయల్దేరి దారి పొడుగునా నవ్వులపాలవుతాడు. మద్రాసులో మోజుపడి కొన్న టోపీ దొరసానులు పెట్టుకునేదని అతనికి తెలియదు. పదహారేళ్ళప్పుడు ఆ టోపీకి పొట్ట పట్టుకుని నవ్వాను. నలభై ఎనిమిదో ఏట కూడా నవ్వొచ్చింది. అంతలోనే ఒకటి తట్టింది: ఈ భాగోతం మనకు చెబుతున్నదెవరు? పార్వతీశమే కదా! నవలంతా ‘నేను’ అనే నడుస్తుంది. టోపీ సంగతి మింగేస్తే అడిగేవాడు లేడు. అయినా పూసగుచ్చినట్టు చెబుతాడు. తన తెలివితక్కువతనాన్ని అంత తీరిగ్గా, ఏ ఉక్రోషమూ లేకుండా చెప్పగలిగినవాణ్ణి అమాయకుడని ఎలా అంటాం? గైడు రాసినాయన కూడా మాలాగే నవల చదవలేదేమో.

నాకూ ఒక టోపీ ఉంది. 2003లో ఉద్యోగం పని మీద మొదటిసారి విమానమెక్కాను. దిగేటప్పుడు సీటు బెల్టు ఎలా తియ్యాలో తెలియలేదు. పక్కవాణ్ణి అడగడానికి నామోషీ. సెల్‌ఫోన్లో ఏదో ముఖ్యమైనది చూస్తున్నట్టు తల దించుకుని, అందరూ దిగిపోయేదాకా అలాగే కూర్చున్నాను. ఇరవై ఏళ్ళు దాటినా ఆ ముక్క ఇంట్లో ఎవరికీ చెప్పి ఉండలేదు. విమానం తర్వాత కూడా మీటింగుల్లో అర్థం కానివాటికి తలూపడం, తెలియని మాటకి తెలిసినట్టు నవ్వడం... అదే బెల్టు, అదే కూర్చోవడం.

పాత పాఠ్యపుస్తకాలన్నీ ఇలా పలుకుతాయని అనను. అదే ఊపులో తిరగేసినవాటిలో రెండు పది పేజీలు దాటలేదు. మొహమాటపడకుండా పక్కన పెట్టేశాను. ‘మాలపల్లి’ మాత్రం నిద్రపోనివ్వలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో రాసిన నవల, బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన నవల మాకు ఒక మార్కు బిట్టుగా మిగిలింది! ‘మాలపల్లి రచయిత ఎవరు?’ అంతే.

మీ దగ్గరా అలాంటి పాత ప్రతి ఉంటే కొత్తది కొనకండి, దాన్నే చదవండి. ఈసారి వేరే రంగు పెన్సిలు పట్టుకోండి. పాత గీతలు అప్పుడు మీరు ఎవరికి భయపడి చదివారో చెబుతాయి. కొత్త గీతలు ఎక్కడెక్కడ పడుతున్నాయో చూస్తుంటే కాస్త ఇబ్బందిగా కూడా ఉంటుంది. అక్కడ పుస్తకం మూసెయ్యకండి. పార్వతీశానికి ఇంకో రెండు భాగాలున్నాయనీ, బారిస్టరై తిరిగొచ్చాక అతనికీ బోలెడు కథ ఉందనీ నాకు ఈ వయసులో తెలిసింది. మా సిలబస్ మొదటి భాగంతోనే ఆగింది మరి.

అటక దులిపిన రోజు రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయికి టోపీ కథ చెప్పి, ఆ నోటితోనే బెల్టు కథా చెప్పేశాను. పొలమారేంతగా నవ్వింది. “మరి చివరికి ఎవరు తీశారు నాన్నా?” అంది. ఎయిర్ హోస్టెస్ వచ్చి తీసిందన్నాను. అక్కడిదాకా వచ్చాక దాచడమెందుకని మిగతాదీ చెప్పాను: బెల్టు పాడైందని ఆమెకు నేనే కంప్లయింట్ చేశాను.